పంతొమ్మిది రోజుల ముద్ర

అడ్డవరద వచ్చిన మూడో ఏడు జరిగింది ఇది. ఆ వరదలో గోదావరి తన దారి వదిలేసి, మడ అడవికి అడ్డంగా పడి, తాళ్ళరేవు దగ్గర మేము పడవలు కట్టే షెడ్లన్నీ సముద్రంలోకి ఈడ్చుకుపోయింది. కర్ర పోయింది, పని పోయింది. అందుకని అరవై ఒకటో ఏట నేను విమానం ఎక్కాను. నా చెల్లెలు రాఘవ మొగుడు కామేశు నాకంటే ఏడాది ముందే వెళ్ళి ఉన్నాడు.

ఆ దేశం పేరు రాయను. కంపెనీ పేరూ రాయను. రాస్తే ఏమవుతుందో నాకు తెలియదు. ఇసుక దేశం, ఉప్పు సముద్రం. అక్కడ డబ్బున్నవాళ్ళకి టేకు పడవల్లో షికారు తిరగడం సరదా. ఆ పడవలు కట్టే చెయ్యి వాళ్ళకి లేదు. మాకుంది.

నాకు బడి మూడేళ్ళే. మాటా తక్కువే. జరిగింది జరిగినట్టు రాస్తాను.

దిగిన రోజునే సూది గదికి తీసుకెళ్ళారు. ఊపిరి జ్వరం లోకమంతా తిరుగుతున్న రోజులవి. మొదట్లో సూది వేయించుకున్నట్టు కాగితం చూపిస్తే ఏ దేశమైనా రానిచ్చేది. దొంగ కాగితాలు సంతలో తమలపాకుల్లా అమ్ముడుపోయేసరికి కాగితాన్ని నమ్మడం మానేశారు. అప్పుడొచ్చింది ముద్ర సూది. మందుతోపాటు ముంజేతి చర్మంలోకి ఒక మచ్చ దిగుతుంది. ఎండలో కనపడదు. గేటు దగ్గర ఊదా దీపం కింద చెయ్యి పెడితే వెలుగుతుంది. కంపెనీ సూదికి ఆకుపచ్చ, మన దేశం సూదికి పసుపు. ఏ గేటు ఏ రంగుని ఒప్పుకుంటుందో ఆ గేటు ఇష్టం.

సూది గదిలో నర్సు మార్త. పాలకొల్లు మనిషి. నా ముందు ఒక కాగితం పెట్టింది. అందులో రెండు గళ్ళున్నాయి.

"ఏది కావాలో టిక్కు పెట్టండి మేస్త్రిగారూ."

"ఏది మంచిది?"

"రెండూ మంచియ్యేనండి."

"అయితే మన దేశానిది ఎయ్యి."

ఆమె నవ్వింది. "అది ఇక్కడ లేదండి. ఊళ్ళో మనోళ్ళ ఆఫీసులో నెలకోసారి ఏత్తారు. పసుప్పచ్చని ఈ కంపెనీ గేటు లోపలికి రానియ్యదు."

"లేనిదానికి గడెందుకు?"

"గడి ఉండాలంటండి."

నేను కలం కింద పెట్టేశాను. టిక్కు ఆమే పెట్టుకుంది.

"ఈ ఆకుపచ్చని మనూళ్ళో ఒప్పుకుంటారా?" అని అడిగాను.

"ఎలిగితే ఒప్పుకుంటారండి. ఇంటికెల్లినోళ్ళని కాకినాడ రేవు షెడ్డులో ఇరవై ఒక్క రోజులు ఉంచి, ఆఖర్రోజున దీపం కింద సూత్తారు. ఎలిగితే ఇంటికి. లేకపోతే సూదేసిన దేశానికే ఎనక్కి."

"రెండు రంగులూ ఏయించుకుంటే?"

ఆమె మొహం మారింది. కిటికీలోంచి వేలు చూపించింది. పడవకి రంగు పూస్తున్న గవిర్రాజు కనిపించాడు. అతని వెనక ఎవరో ఇనప పీపా పడేశారు. నేను ఉలిక్కిపడ్డాను. గవిర్రాజు తిరగలేదు.

"దొంగతనంగా రెండోది ఏయించుకున్నాడండి. ఆకుపచ్చ కూడా ఎలుగుద్ది కాబట్టి గేటు రానిచ్చింది. రెండు మందులూ ఒంట్లో కొట్టుకుంటాయి. పదిమందిలో నలుగురికి సెవులు పోతాయి. అందుకే మనోళ్ళ ఆఫీసులో ముందు దీపం పెట్టి సూత్తారు. ఆకుపచ్చ కాత్త కనపడినా పసుప్పచ్చ ఎయ్యరు."

ఆ మాట నాకు లోపల గుచ్చుకుంది. మా పనిలో నాకు కళ్ళకంటే చెవులే ముఖ్యం. కొయ్య సుత్తితో కొడితే మంచి పలక గంటలా మోగుతుంది. లోపల చివికిన పలక, పైకి ఎంత నున్నగా ఉన్నా, తడిగుడ్డని కొట్టినట్టు పలుకుతుంది. పాతికేళ్ళుగా నేను కట్టిన పడవ ఒక్కటీ మునగలేదంటే ఆ చెవుల వల్లే.

సూది వేయించుకున్నాను.

మా ఇంటికి ఒక కట్టు ఉంది. పడవకి అడుగు దూలం వేసిన రోజునుంచి పడవ నీళ్ళలో దిగేదాకా, పెద్ద మేస్త్రి ఆ రేవు నీళ్ళు నోట పెట్టకూడదు. ఎందుకో మా నాన్న చెప్పలేదు, నేను అడగలేదు. మా ఊళ్ళో ఉన్నప్పుడు వేరే రేవులో పని పడితే ఇంటినుంచి కావిడితో నీళ్ళు తెచ్చుకునేవాళ్ళం. ఆ ఎడారిలో కావిడి ఎక్కణ్ణించి తేను? మేముండే గదుల్లో ఏసీ మిషన్లకి వెనక గొట్టాలుంటాయి. వాటిలోంచి చుక్క చుక్కగా నీళ్ళు కారతాయి. కింద బకెట్టు పెట్టి పట్టి, కాచి, చల్లార్చి అవే తాగాను.

కామేశు తల పట్టుకున్నాడు. "లోకంలో ఏసీ నీళ్ళు తాగే మడిసివి నువ్వొక్కడివే బావా. ఆటికంటే నా బనీను పిండుకుని తాగు."

"నీ బనీను కాచితే అంటుకుంటది" అన్నాను.

మొదటి పడవ మొదలెట్టిన పదిరోజులకి గేటు దగ్గర నా మచ్చ పాలిపోయింది. పంతొమ్మిదో రోజున దీపం కింద చెయ్యి పెడితే ఏమీ లేదు. గేటు కాసే అప్పన్నది విజయనగరం పక్క. నా చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏటి మేస్త్రీ, సబ్బెట్టి తోమేసినావేటి?"

మార్త రెండో సూది వేసింది. మూడు రోజులు ఒళ్ళు కాలిపోయింది. అదీ పోయింది. మూడోదీ పోయింది. చివరికి కంపెనీ డాక్టరు నా ఒళ్ళు ముద్ర పట్టని ఒళ్ళని రాసిచ్చాడు. పని చేసుకోవచ్చు, గేటు దాటకూడదు. షెడ్డులో కుర్రాళ్ళు నాకు 'చెరిపేసిన పలక' అని పేరు పెట్టారు.

పడవ దిగింది. ఆ సాయంత్రం కట్టు తీరింది కాబట్టి పంపు కింద దోసిలి పట్టి కడుపునిండా తాగాను. మర్నాడూ తాగాను. నాలుగో రోజున ఎందుకో గేటు దీపం కింద చెయ్యి పెట్టాను. ఆకుపచ్చగా వెలిగింది.

సూది వేయలేదు. ఎవరూ ఏమీ చేయలేదు. నీళ్ళు తాగానంతే.

అప్పన్న, "ఒచ్చేసినాదే!" అని చేతులు చరిచాడు. నేను దీపం కిందనుంచి చెయ్యి లాగేసుకున్నాను.

మాకు పడవని నీళ్ళలోకి దించే ముందు ఒక అలవాటుంది. ఒడ్డు మీద ఉండగానే పడవ లోపల నీళ్ళు పోసి వదిలేస్తాం. బయటికి ఎక్కడ కారుతుందో అక్కడే రేపు లోపలికీ కారుతుంది. ఆ లెక్కనే ఇదీ చూద్దామనుకున్నాను. రెండో పడవకి అడుగు దూలం వేశాను. మళ్ళీ ఏసీ నీళ్ళకి మారాను. రోజూ గోడమీద బొగ్గుతో గీత గీశాను. సరిగ్గా పంతొమ్మిదో గీతకి మచ్చ పోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఇక్కణ్ణించి ఇంటికెళ్ళినవాళ్ళు చాలామంది నెల తిరక్కుండా వెనక్కొచ్చేవారు. కాకినాడ షెడ్డులో మచ్చ వెలగలేదట. మనవాళ్ళ దీపం మంచిది కాదని తిట్టుకునేవారు. వాళ్ళకి కంపెనీ ఇక్కడ తిండి పెట్టి, నీళ్ళు పట్టి, మచ్చ మళ్ళీ తెప్పించి, ఇంకో మూడేళ్ళకి సంతకం పెట్టించుకునేది. షెడ్డులో ఉండాల్సింది ఇరవై ఒక్క రోజులు. మచ్చ నిలిచేది పంతొమ్మిది.

ఎవరితోనూ అనలేదు. కామేశుకి చెబితే ఆ రోజే షెడ్డంతా తెలిసిపోతుంది. మార్తని కదిపి చూశాను.

"ఆ మంచినీళ్ళ టాంకులో ఏం పోత్తారమ్మా?"

ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది. "మీకెవరు సెప్పారండీ?"

నేను లేచి వచ్చేశాను. ఆమె కంపెనీ జీతం తినే మనిషి. ఆ వారమంతా కంపెనీవాళ్ళు నన్ను పిలుస్తారని చూశాను. పిలవలేదు. పిలవకపోవడం చూసి ఇంకా అనుమానం పెరిగింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంటినుంచి కబురొచ్చింది. రాఘవకి రెండు మూత్రపిండాలూ పోయాయి. మిషన్ మీద రక్తం కడుగుతున్నారు. ఒకటి ఎవరైనా ఇవ్వాలి. కాకినాడ ఆసుపత్రివాళ్ళు అడిగితే మా ఇద్దరి రక్తాలూ ఇక్కడ తీసి పంపారు. నాది బాగా కలిసిందన్నారు, కానీ వయసు చూసి పక్కన పెట్టారు. కామేశుదీ కలిసింది. నలభై మూడేళ్ళవాడు. వాణ్ణే రమ్మన్నారు. ఆపరేషనుకి రోజు పెట్టారు.

కామేశు సంచి సర్దుకుంటున్నాడు. రాఘవకి ఒక పచ్చ చీర కొన్నాడు. దాన్ని మడత పెట్టడం రాక మూడుసార్లు విప్పాడు.

"నువ్వు కాకినాడ షెడ్డు దాటలేవు" అన్నాను.

అంతా చెప్పాను. నా జన్మలో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడింది అప్పుడే. వాడు మంచం మీద కూలబడ్డాడు.

"మరి నేనూ నీ ఏసీ నీళ్ళే తాగి, మచ్చ పోగొట్టుకుని, మన ఆఫీసులో పసుప్పచ్చ ఏయించుకుంటే?"

"పంతొమ్మిది రోజులు ఆగాలి. ఆ తరవాత ఆఫీసోళ్ళ సూది రోజు రావాలి. ఆపైన సెవులు."

"ఆగడానికి రోజుల్లేవు బావా."

తలుపు దగ్గర మార్త నిలబడి ఉంది. ఎంతసేపటినుంచో తెలియదు. నేను కొయ్య సుత్తి పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో నాకే తెలియదు.

"అది పక్కనెట్టండి మేస్త్రిగారూ" అంది. లోపలికొచ్చి నేలమీద కూచుంది. "పాలకొల్లులో నా కొడుకున్నాడండి. నాలుగేళ్ళయ్యింది సూసి. రెండుసార్లు బయల్దేరాను, రెండుసార్లూ షెడ్డులోంచి ఎనక్కొచ్చాను. దీపం మంచిది కాదన్నారు. నమ్మాను. మీరు టాంకు మాట అడిగాక ఎల్లి సూశాను. గురువారం గురువారం సీలేసిన డబ్బా ఒత్తదండి. రుచి కోసమని రాసుంటది. పోసేవోడు మాత్రం దాన్ని మేత అంటాడు. ముద్రకి మేత."

"మరి అప్పుడే ఎందుకు సెప్పలేదు?"

"మీరు కంపెనీ మనిషేమో అనుకున్నానండి. మూడు సూదులేసినా మచ్చ పట్టని మడిసి ఎక్కడైనా ఉంటాడా?"

కామేశుకి నవ్వొచ్చింది. నాకు రాలేదు.

నీళ్ళు విమానంలో తీసుకెళ్ళనివ్వరు. కానీ కాచితే నీళ్ళు పోతాయి, మేత మిగులుతుంది. మార్త తెచ్చిన పెద్ద దేగిసాలో పంపు నీళ్ళు పోసి కాచాం. ఇరవై బిందెలు కాచేసరికి అడుగున తెల్లటి పెచ్చు కట్టింది. గరిటెతో గీకి నూరితే ఉప్పులా ఉంది. పని చేస్తుందో లేదో ముందు నామీదే చూసుకున్నాను. ఏసీ నీళ్ళలో రోజుకో చిటికెడు. మూడో రోజుకి మచ్చ పైకి తేలింది. రేవు నీళ్ళు నోట పెట్టకూడదన్న కట్టు అలా పోయింది. పడవకి చెప్పుకున్నాను, తప్పయిందని.

"సిటికెడు సాలు" అంది మార్త. "ఎక్కువైతే ఏమవుద్దో నాకు తెలీదండి. ఎవరికీ తెలీదు."

కామేశు బయల్దేరే రోజున పొడిని ఉప్పు పొట్లంలా కట్టి వాడి సంచిలో పెట్టాను. వాడు బస్సు మెట్టు మీద ఉన్నాడు. నాకు మనసు ఆగలేదు. ఒకవేళ చిటికెడు చాలకపోతే? కాచినందుకు దాని బలం తగ్గితే? ఇరవయ్యో రోజున మచ్చ పోతే?

"రెండు సిటికెలు ఏసుకో" అన్నాను. "నమ్మకం లేదు."

వాడు తలూపాడు. బస్సు వెళ్ళిపోయింది.

మా పనిలో పలకల సందుల్లో నూనె పట్టించిన దూది కూరతాం, నీళ్ళు రాకుండా. ఒకసారి కామేశు భయంకొద్దీ దూది మరీ బిగించి కూరాడు. అది నీళ్ళలో ఉబ్బి పలకనే చీల్చింది. ఆ రోజు వాణ్ణి నేను నానా తిట్లూ తిట్టాను. బస్సు దగ్గర అది నాకు గుర్తు రాలేదు.

నేను మళ్ళీ పొడి ముట్టుకోలేదు. మిగిలింది మార్తకిచ్చేశాను. ఏసీ నీళ్ళు తాగుతూ రెండో పడవ పని చూసుకున్నాను. గోడమీద కామేశు రోజులూ నా రోజులూ పక్కపక్కనే గీశాను. పంతొమ్మిదో గీతకి నా చెయ్యి ఉత్తదయింది. ఇరవై రెండో గీత గీసిన పొద్దున ఫోనొచ్చింది.

"దాటేశాను బావా! పెట్రోమాక్సు దీపంలా ఎలిగింది. షెడ్డోళ్ళు పక్కోళ్ళని పిలిసి మరీ సూపించారు. రెండు కాదు, మూడు సిటికెలు ఏసేశాను. నీకంటే నాకే భయమెక్కువ."

మార్తకి చెబితే గది మూలకెళ్ళి దణ్ణం పెట్టుకుంది.

ఐదో రోజు మధ్యాహ్నం మళ్ళీ ఫోను. కామేశే. ముందు ఊపిరి వినపడింది.

"పనికిరాదన్నారు."

"ఏటి పనికిరాదు?"

"నా మూత్రపిండం. ఫొటో తీశారు. లోపలంతా ఇసకలా ఏదో పేరుకుపోయిందంట బావా. ఈ నెలలో ఏం తాగావని అడిగారు. ఏం సెప్పను? ఏడాదికి దానంతటదే కరిగితే కరగొచ్చంట. నాకేం పర్లేదంట. రాఘవకి ఏడాది లేదు. మిషను పడట్లేదు. రెండు నెలలన్నారు."

రెండు చిటికెలన్నది నేను.

"ఇంకెవరిది పనికొత్తాదన్నారు?" అని అడిగాను.

"నీదే అన్నారు. వయసైనా పర్లేదు, రమ్మనండి, ఒంట్లో ఆ ఇసక లేకపోతే సాలన్నారు."

నా ఒంట్లో లేదు. ఆ దేశంలో నేను తాగిందల్లా ఏసీ నీళ్ళు, నడుమ కొన్నాళ్ళు పంపు నీళ్ళు, మూడు చిటికెల పొడి. ముంజెయ్యి వైపు చూసుకున్నాను. మచ్చ లేదు. మన ఆఫీసు దీపం కింద పెడితే ఏమీ కనపడదు. పసుపుపచ్చ సూది వేస్తారు. అది పడ్డవాణ్ణి కంపెనీ గేటు లోపలికి రానివ్వదు, ఇంటికి పంపాల్సిందే. పసుపుకి కాకినాడ షెడ్డులో మూడు రోజులే. కానీ మచ్చ లేనంత మాత్రాన మందు లేకుండా పోదు. కంపెనీ మందు నా ఒంట్లో మూడు సూదులంత ఉంది.

రాఘవ ఫోను లాక్కున్నట్టుంది.

"అన్నయ్యా, నువ్వు రావద్దు. ఆ గవిర్రాజు సంగతి ఈయన సెప్పాడు. సెవులు లేకపోతే నువ్వు పలకని ఎలా సూత్తావు? నాకొద్దు. వచ్చావంటే నేను ఆసుపత్రిలోంచి లేచెల్లిపోతాను, సూసుకో."

ఇప్పుడు ఇది రాస్తుంటే రాఘవ పక్కన కూచుని చదివి, తను లేచెళ్ళిపోతాననలేదని పలకమీద రాసి చూపిస్తోంది. అంది. నేను విన్నాను. అప్పటికి బాగానే వినపడేది.

ఆ సాయంత్రం మార్త దగ్గరికి వెళ్ళాను. ఆమె సూది గది తాళం వేస్తోంది.

"రేపు మనోళ్ళ ఆఫీసులో సూదులేసే రోజు కదమ్మా."

"అవునండి."

"నీ మందుల వ్యాను ఊళ్ళోకి ఎల్తాది కదా."

ఆమె నా చేతికేసి చూసింది, మొహంకేసి చూసింది. "ఇంతకు ముందు ఏ సూదైనా పడిందా అని అడుగుతారండి."

"లేదంటాను."

"మీకు అబద్ధం రాదండి."

"మాటలు తక్కువ కదా. బైటపడదు."

ఆమె తాళం చెవి కొంగున ముడేసుకుంది. "ఏడింటికి షెడ్డు దగ్గర హారన్ కొడతాను. వ్యానులో వెనక పెట్టెల మధ్య కూచోవాలి."

మర్నాడు పొద్దున్నే లేచి నా బకెట్టు తీసుకుని గేటు దగ్గరికి వెళ్ళాను. అప్పన్న పళ్ళు తోముకుంటున్నాడు. బకెట్టు వాడి చేతికిచ్చాను.

"ఏటిది మేస్త్రీ?"

"ఏసీ గొట్టం కింద పెట్టు. పంపు నీళ్ళు మానెయ్యి. పంతొమ్మిది రోజులు. మచ్చ పోతే, కాకినాడలో దీపానిది తప్పు కాదని తెలుత్తాది. తెలిసినాక నీ గదిలోవోళ్ళకి సెప్పు. పసుప్పచ్చ జోలికి మాత్రం ఎల్లొద్దు. గవిర్రాజుని సూశావుగా."

వాడు బకెట్టులోకి తొంగి చూశాడు. నన్ను చూశాడు. నవ్వబోయి మానేశాడు.

అక్కణ్ణించి రెండో పడవ దగ్గరికి వచ్చాను. ఇంకా ఒడ్డుమీదే ఉంది. కొయ్య సుత్తి తీసుకుని ముందు కొమ్ము దగ్గర మొదలెట్టి ఒక్కో పలకే కొట్టి విన్నాను. ఎడమ వైపు ఆరో పలక ముద్దగా పలికింది. సుద్దతో గుర్తు పెట్టాను. మిగతావి మోగాయి. ఒక్కోదాన్ని ఒకసారి సరిపోయేదానికి రెండుసార్లు కొట్టాను.

మార్త హారన్ కొట్టింది. వినపడింది. ఇంకా నాలుగు పలకలున్నాయి. అవి కూడా కొట్టి, చప్పుడు పూర్తిగా ఆగేదాకా విని, అప్పుడు వెళ్ళాను.